పోర్టు కరెంటు ఎందుకివ్వనంటోంది?

"స్విచ్ పోయింది సార్, కొత్తది వెయ్యాలి." హైదరాబాద్‌లో సీసీ కెమెరా ఆగినా, ఆఫీసు వైఫై పడిపోయినా, ఐపీ ఫోను మూగబోయినా ఎక్కువగా వినబడే తీర్పు ఇదే. స్విచ్ అంటే ఇక్కడ గోడ మీది మీట కాదు, నెట్‌వర్క్ వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె; ఆ వైర్లు గుచ్చే రంధ్రాలే పోర్టులు. తీర్పు చెప్పినాయన ఓ ఐదు నిమిషాలు ఆ పెట్టె ఉండే ర్యాక్ ముందు నిలబడి, వైరు పీకి, పక్క పోర్టులో గుచ్చి చూసి ఉంటాడు. కొత్త స్విచ్ వస్తుంది. ఒక్కోసారి సమస్య నిజంగానే మాయమవుతుంది, దాంతో ఆ తీర్పు మీద అందరికీ నమ్మకం కుదురుతుంది. తమాషా ఏంటంటే, కొత్త స్విచ్ పెట్టగానే పోయిన సమస్య కూడా చాలాసార్లు పాత స్విచ్‌ది కాదు. అదెలాగో లెక్క కట్టి మరీ చూద్దాం.

ఈ ఊళ్లో ఈ గొడవ ఇంతగా ఉండటానికి కారణం కెమెరాలు. 2013 నాటి ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే దుకాణాలకూ సంస్థలకూ సీసీ కెమెరాలను తప్పనిసరి చేసింది. పోలీసుల 'నేను సైతం' పిలుపుతో కాలనీలు, అపార్టుమెంట్లు చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించుకున్నాయి. పాత అనలాగ్ కెమెరాలకు వీడియో వైరు వేరు, కరెంటు వైరు వేరు. ఐపీ కెమెరాలొచ్చాక రెండూ ఒకే నెట్‌వర్క్ కేబుల్లో చేరాయి. ఇదే పవర్ ఓవర్ ఈథర్నెట్, వాడుకలో పీఓఈ. వైరింగు పని సగానికి తగ్గింది గానీ, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం రెట్టింపు కష్టమైంది. బొమ్మ రాకపోతే అది డేటా తప్పో, కరెంటు తప్పో పైనుంచి చూస్తే తెలియదు.

నా ఉద్దేశంలో ఈ చిక్కంతా ఒక్క అపోహ నుంచి పుట్టింది: పీఓఈ పోర్టులో కరెంటు ఎప్పుడూ ఉంటుందనుకోవడం. గోడకున్న ప్లగ్గు పాయింటులో ఉంటుంది, ఇక్కడ ఉండదు.

పోర్టులో వైరు గుచ్చగానే స్విచ్ ముందుగా చిన్న వోల్టేజీ పంపుతుంది, 2.8 నుంచి 10 వోల్టుల లోపు. దాంతో అవతలి చివర ఎంత రెసిస్టెన్స్ ఉందో కొలుస్తుంది. పీఓఈ పరికరాల్లో సుమారు 25 కిలో ఓమ్‌ల గుర్తు తయారీలోనే పెట్టి ఉంటుంది. అది కనబడితేనే రెండో అడుగు. ఈసారి 15.5 నుంచి 20.5 వోల్టుల మధ్య ఇచ్చి, పరికరం లాగే కరెంటును బట్టి దాని క్లాసు తెలుసుకుంటుంది, అంటే దానికి గరిష్ఠంగా ఎన్ని వాట్లు కావాలో. తన దగ్గర అన్ని వాట్లు మిగిలి ఉంటే మూడో అడుగుగా 50 వోల్టుల దరిదాపుల్లో అసలు కరెంటు వదులుతుంది. పరికరంలోని కెపాసిటర్లు నిండేదాకా ఆ తొలి ఉరుకును అదుపులో పెడుతుంది. అప్పటికీ కన్ను తిప్పుకోదు. పరికరం కనీసం పది మిల్లీ ఆంపియర్లయినా లాగుతోందా అని చూస్తూనే ఉంటుంది. ఓ 300, 400 మిల్లీ సెకన్ల పాటు ఏమీ లాగకపోతే వైరు ఊడిందని లెక్కగట్టి పోర్టును ఆపేస్తుంది.

ఇదంతా సెకను, రెండు సెకన్లలో ముగిసిపోతుంది కాబట్టి మనకు 'గుచ్చాం, వెలిగింది' అన్నట్టే ఉంటుంది. వెలగనప్పుడు మాత్రం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏ అడుగు దగ్గర ఆగింది? స్విచ్ బాగుందా పోయిందా అన్న ప్రశ్న ఆ తర్వాతది.

ఖాళీ పోర్టులో మల్టీమీటరు పెట్టి 48 వోల్టులు వెతికేవాళ్లు చాలామంది. అక్కడ సున్నా చూపించడమో, అంకె పైకీ కిందికీ గెంతడమో మామూలే. అవతల 25 కిలో ఓమ్‌లు కనబడనంత వరకూ స్విచ్ 48 వోల్టులు ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. ఆ జాగ్రత్తే లేకపోతే అదే పోర్టులో లాప్‌టాప్ గుచ్చినవాడి గతేం కాను? మీటరు సున్నా చూపించిందని మంచి పోర్టుకు 'డెడ్' అని స్టిక్కరు అతికించిన ర్యాకులు ఈ ఊళ్లో తక్కువేం లేవు.

మొదటి అడుగులోనే ఆగితే

స్విచ్ అసలు గుర్తుపట్టనే లేదంటే మొదట చూడాల్సింది అవతలి పరికరం ఏ రకం పీఓఈ అన్నది. టెర్రస్ మీద పెట్టే కొన్ని వైర్‌లెస్ రేడియోలు, ముఖ్యంగా పాతవి, 24 వోల్టుల 'పాసివ్' పీఓఈ మీద నడుస్తాయి. వాటికి 25 కిలో ఓమ్‌ల గుర్తూ ఉండదు, క్లాసూ ఉండదు. వాటితో వచ్చే ఇంజెక్టర్ (వైరులోకి కరెంటు ఎక్కించే చిన్న పెట్టె) కూడా ఏమీ అడగదు, నేరుగా 4, 5, 7, 8 నంబరు తీగల మీద కరెంటు తోసేస్తుంది. అలాంటి రేడియోను స్టాండర్డ్ స్విచ్‌లో గుచ్చితే అది ఎన్నేళ్లైనా వెలగదు. తప్పు ఇద్దరిదీ కాదు, ఇద్దరి భాషలూ వేరు. దీనికి తిరగమరగైన పని మాత్రం ఖర్చుతో కూడుకున్నది: పాసివ్ ఇంజెక్టర్‌ను మామూలు నెట్‌వర్క్ పోర్టులోకి గుచ్చితే ఆ పోర్టు కాలిపోవచ్చు. ర్యాకులో పాసివ్ ఇంజెక్టర్ ఉంటే దాని వైరుకు ఎర్ర టేపు చుట్టి ఉంచడం మేలు.

పరికరం సరైనదే అయినా గుర్తింపు కుదరని సందర్భం ఇంకోటుంది. అది వానాకాలంది, నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చిన చిక్కుముడి.

స్టాండర్డ్ ప్రకారం స్విచ్ 19 నుంచి 26.5 కిలో ఓమ్‌ల మధ్య దేన్నైనా పీఓఈ పరికరంగా ఒప్పుకుని తీరాలి. 15 కంటే తక్కువైనా 33 కంటే ఎక్కువైనా తిరస్కరించి తీరాలి. మధ్యలో పడ్డవాటి సంగతి స్విచ్ తయారీదారు ఇష్టం. ఇప్పుడు గేటు దగ్గర స్తంభం మీదున్న కెమెరా జాక్‌లోకి వాన చెమ్మ చేరిందనుకోండి. చెమ్మ, తుప్పు కలిసి తీగల మధ్య ఓ 50 కిలో ఓమ్‌ల లీకేజీ దారి ఏర్పడింది. కెమెరా లోపలి 25 కిలో ఓమ్‌లకు ఇది సమాంతరంగా చేరుతుంది కాబట్టి స్విచ్‌కు కనబడేది 16.7 కిలో ఓమ్‌లు. ఒక స్విచ్ సరేలే అంటుంది, ఇంకోటి కాదంటుంది.

అసలు తమాషా ఇంకా ఉంది. చెమ్మ చేరేటప్పటికి కెమెరా నడుస్తూనే ఉందనుకోండి, దానికేమీ కాదు. 50 వోల్టుల దగ్గర 50 కిలో ఓమ్‌ల లీకేజీ లాగేది ఒక్క మిల్లీ ఆంపియరు. దాన్నెవరు పట్టించుకుంటారు? జూలై వానంతా కెమెరా హాయిగా తడుస్తూ నడుస్తుంది. ఓ రాత్రి కాలనీలో కరెంటు పోయి, ఇన్వర్టరు కూడా చేతులెత్తేసి, తెల్లారి తిరిగొచ్చినప్పుడు స్విచ్ మళ్లీ మొదటి అడుగు నుంచి మొదలుపెడుతుంది. అప్పుడు 16.7 కనబడుతుంది, పోర్టు ససేమిరా అంటుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, కరెంటు పోయొచ్చాక స్విచ్ కాలింది" అని అసోసియేషన్ సెక్రటరీ గారికి కబురు వెళ్తుంది. రెండు రోజులు ఎండ కాస్తే కెమెరా దానంతటదే వస్తుంది. ఈలోగా కొత్త స్విచ్ పెట్టేస్తే, అది 16.7ను ఒప్పుకునే రకమైతే, అప్పుడే వెలిగిపోతుంది. మందు పనిచేసినట్టే ఉంటుంది, రోగం జాక్‌లోనే ఉంటుంది.

విరుగుడు చవక. కెమెరా వెంట వచ్చే వాటర్‌ప్రూఫ్ కప్పును పారేయకుండా వాడటం, పెట్టెలోకి వైరును కిందినుంచి వంపు తిప్పి తీసుకెళ్లడం, పచ్చగా తుప్పు పట్టిన జాక్‌ను తుడిచి మళ్లీ పెట్టకుండా కోసేసి కొత్తది క్రింప్ చేయడం.

బడ్జెట్టూ, క్లాసూ

గుర్తింపు అయింది, కరెంటు మాత్రం రాలేదు. మేనేజ్డ్ స్విచ్ (లాగిన్ అయి సెట్టింగులూ లాగ్ చూడగలిగే రకం) అయితే ఇక్కడ మాట దాచదు. సిస్కోలో 'షో పవర్ ఇన్‌లైన్' కొడితే పోర్టు పక్కన 'పవర్-డినై' అని కనబడుతుంది, మిగతా కంపెనీల వెబ్ పేజీల్లోనూ అలాంటిదే ఒకటి ఉంటుంది. అర్థం: పరికరం మంచిదే, నా దగ్గర వాట్లు అయిపోయాయి.

స్విచ్ పెట్టె మీద 24 పోర్టులు, 30 వాట్లు అని రాసి ఉంటే 720 వాట్లు ఇస్తుందనుకోకూడదు. 24 పోర్టుల స్విచ్‌లలో 370 వాట్ల మొత్తం బడ్జెట్ ఉన్నవి బోలెడు. పాత పీఓఈ స్టాండర్డ్ ఒక్కో పోర్టుకిచ్చే 15.4 వాట్లను 24తో హెచ్చిస్తే దాదాపు అంతే వస్తుంది. అంటే అన్ని పోర్టులకూ పాత స్టాండర్డ్ మేరకే సరిపోతుంది, 30 వాట్ల పరికరాలైతే పన్నెండు దాటవు.

పైగా చాలా స్విచ్‌లు పరికరం వాడేదాన్ని వదిలేసి, దాని క్లాసును బట్టి వాట్లు పక్కన పెడతాయి. ఫంక్షన్ హాల్లో మూడొందల ప్లేట్లు చెప్పి నూట ఎనభై మందే తిన్నా బిల్లు మూడొందలకే పడుతుంది కదా, సరిగ్గా అలాగే. నిజంగా వాడేది ఐదు వాట్లైనా క్లాస్ 3 అని చెప్పిన కెమెరా పేరిట 15.4 వాట్లు కట్టేసి ఉంటాయి. ఎనిమిది పోర్టులు, 60 వాట్ల బడ్జెట్ ఉన్న చిన్న స్విచ్‌లో అలాంటివి మూడే పడతాయి. నాలుగోదానికి మొండిచెయ్యి. వాస్తవంగా వాడే వాట్లను బట్టి లెక్కగట్టే సెట్టింగు మేనేజ్డ్ స్విచ్‌లో ఉంటే దాన్ని వాడుకోవచ్చు. అయితే అప్పుడు ఇంకో ప్రమాదం ఉంది: పగలు అన్నీ సర్దుకుని, చీకటి పడి అన్ని కెమెరాల ఇన్‌ఫ్రారెడ్ దీపాలూ ఒకేసారి వెలిగినప్పుడు మొత్తం పైకి లేచి, తక్కువ ప్రాధాన్యం ఉన్న పోర్టులు కట్ అవుతాయి. ప్రాధాన్యం మనం పెట్టకపోతే చాలా స్విచ్‌లు పోర్టు నంబరును బట్టే పోతాయి, పెద్ద నంబర్లు ముందు బలి. గేటు కెమెరాను ఇరవై నాలుగో పోర్టులో పెట్టినవాళ్లు అది ఒక్కటే ఎందుకు పోతోందని జుట్టు పీక్కునేది ఇందుకే.

గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో ఇదే సమస్య వేరే వేషంలో కనబడుతుంది. వైఫై యాక్సెస్ పాయింటు వెలుగుతుంది, పనిచేస్తుంది, కానీ స్పీడు రాదు. కొత్త తరం యాక్సెస్ పాయింట్లకు 2009 నాటి 802.3ఏటీ అనే పీఓఈ స్టాండర్డ్ ఇచ్చే 30 వాట్లు కావాలి. 2003 నాటి 802.3ఏఎఫ్ పోర్టు ఇచ్చేది 15.4. అవి చచ్చిపోకుండా కొన్ని రేడియోలనో, యూఎస్‌బీ పోర్టునో ఆపేసుకుని తక్కువలో బతుకుతాయి. స్విచ్ 30 వాట్లు ఇవ్వగలిగినదైనా సరే, వాటిని కొన్ని స్విచ్‌ల్లో ఎల్‌ఎల్‌డీపీ (నెట్‌వర్క్ పరికరాలు ఒకదానికొకటి తమ వివరాలు చెప్పుకునే పద్ధతి) ద్వారానే అడగాలి. భద్రత పేరుతో ఎవరో ఎల్‌ఎల్‌డీపీని ఆపేసి ఉంటే అడిగేదారి లేక అది 15.4 దగ్గరే ఉండిపోతుంది. నెట్ స్లోగా ఉందని ఇంటర్నెట్ కంపెనీతో పోట్లాడేముందు యాక్సెస్ పాయింటు పేజీలో పవర్ మోడ్ ఏముందో చూడటానికి నిమిషం చాలు. 2018లో వచ్చిన 802.3బీటీ స్విచ్ వైపు 90 వాట్ల దాకా తీసుకెళ్లింది, కాబట్టి ఈ సర్దుబాట్లు ఇకముందు ఇంకా పెరిగేవే.

వైరు: అసలు దొంగ

రాత్రయితే ఆగి మళ్లీ మళ్లీ స్టార్టయ్యే కెమెరా గురించి ఇంటర్నెట్‌లో వంద సలహాలున్నాయి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చెయ్, రీసెట్ కొట్టు, ఐపీ మార్చు. వాటిని పక్కన పెట్టి కాసేపు ఓమ్ నియమం దగ్గర కూర్చుందాం.

స్టాండర్డ్‌లోని అంకెలు ఎక్కడినుంచో ఊడిపడలేదు. 802.3ఏఎఫ్‌లో స్విచ్ దగ్గర కనీసం 44 వోల్టులు, కరెంటు 350 మిల్లీ ఆంపియర్లు. హెచ్చిస్తే 15.4 వాట్లు. వంద మీటర్ల దారికి గరిష్ఠంగా 20 ఓమ్‌లని అనుకున్నారు. ఆ కరెంటు ఆ ఓమ్‌ల గుండా పోతే వైరులోనే 2.45 వాట్లు వేడిగా పోతాయి. మిగిలేది 12.95. పరికరాల డేటాషీట్లలో కనిపించే ఆ వింత అంకె ఇదే. ఏటీలో 50 వోల్టులు, 600 మిల్లీ ఆంపియర్లు, 12.5 ఓమ్‌లు. పంపేది 30 వాట్లు, వైరు తినేది 4.5, చేరేది 25.5. అంటే వైరు ఇంతకు మించి తినకూడదన్నది ఒప్పందంలోనే ఉంది. ఆ ఒప్పందాన్ని మన బజారులో దొరికే వైరు ఎంతవరకు నిలబెడుతుందన్నదే ప్రశ్న.

కోఠి గుజరాతీ గల్లీకో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)కో వెళ్లి 305 మీటర్ల కేబుల్ బాక్సు అడిగితే రేట్లలో తేడా కళ్లు తిరిగేలా ఉంటుంది. చవకవాటిలో చాలావరకు సీసీఏ, అంటే పైన రాగి పూత, లోపల అల్యూమినియం. అదే మందంలో రాగి కంటే దీని రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లకు పైనే. దానికితోడు తీగ కూడా సన్నగా లాగుతారు. కేబులింగ్ స్టాండర్డ్‌లు సీసీఏను ఒప్పుకోవు, అయినా బాక్సు మీద 'క్యాట్ 6' అని దర్జాగా అచ్చు వేసి ఉంటుంది.

ఇప్పుడు రెండు లెక్కలు.

మొదటిది తిరిగే పీటీజెడ్ కెమెరా, పూర్తి లోడులో 25.5 వాట్లు. వంద మీటర్ల సీసీఏ, మామూలు మందం, దారి రెసిస్టెన్స్ సుమారు 15 ఓమ్‌లు. స్విచ్ 50 వోల్టులు ఇస్తే కెమెరా దగ్గరికి చేరేది 40.6 వోల్టులు, లాగే కరెంటు 630 మిల్లీ ఆంపియర్లు. స్టాండర్డ్ కనీసం 42.5 వోల్టులు చేరాలంటుంది, 600 దాటితే పోర్టు ట్రిప్ అయ్యే హక్కు దానికుంది. అదే కేబుల్, అదే కెమెరా, స్విచ్ మాత్రం 54 వోల్టులు ఇచ్చే రకమైతే కెమెరాకు 45.6 చేరుతుంది, కరెంటు 560 దగ్గరే ఆగుతుంది. చక్కగా నడుస్తుంది. చూశారా, స్విచ్ మార్చగానే సమస్య పోయింది. పాత స్విచ్‌లో మాత్రం ఏ లోపమూ లేదు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గుతుందని మనకు బల్బు నేర్పింది. కెమెరా బల్బు కాదు. దాని లోపలి కన్వర్టరుకు కావాల్సిన వాట్లు కావాల్సిందే. వోల్టేజీ తగ్గేకొద్దీ అది కరెంటు ఎక్కువ లాగుతుంది. ఎక్కువ కరెంటు వల్ల వైరులో ఇంకా ఎక్కువ వోల్టులు పోతాయి. అందుకే పీఓఈ మెల్లగా మసకబారదు, ఒక గీత దాకా బాగా నడిచి, గీత దాటగానే కుప్పకూలుతుంది.

రెండో లెక్క, రాత్రి సమస్యది. గేటెడ్ కమ్యూనిటీలో క్లబ్‌హౌస్ దగ్గర స్విచ్, వెనక గేటు 250 మీటర్ల దూరం. స్విచ్‌లో 'ఎక్స్‌టెండ్' మీట నొక్కారు, డేటా 10 ఎంబీపీఎస్‌కు తగ్గి అంత దూరమూ వెళ్తుంది. మీట తగ్గించింది డేటా వేగాన్నే, వైరు ఓమ్‌లను కాదు. 0.4 మిల్లీమీటర్ల సన్నని సీసీఏ అయితే ఆ దారి మొత్తం సుమారు 54 ఓమ్‌లు. పగలు కెమెరా నాలుగు వాట్లు తింటుంది, స్విచ్ 48 వోల్టులిస్తే 43 చేరుతుంది, ఢోకా లేదు. చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, లోడు ఏడు వాట్లు, వోల్టేజీ 38కి జారుతుంది. ఏఎఫ్ పరికరం 37 దాకా పనిచేయాలి, అంటే అంచు మీద నిలబడింది. దారిలో ఎక్కడో మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు ఇంకో పది ఓమ్‌లు కలిపిందా, 35కి పడుతుంది. కెమెరా ఆగుతుంది. ఆగగానే లోడు లేదు, వోల్టేజీ మళ్లీ పైకి లేస్తుంది, స్విచ్ మళ్లీ గుర్తుపడుతుంది, కెమెరా లేస్తుంది, చీకటి చూసి దీపాలు వేస్తుంది, మళ్లీ పడుతుంది. తెల్లవార్లూ ఇదే. పొద్దున టెక్నీషియన్ వచ్చేసరికి కెమెరా బంగారంలా పనిచేస్తుంటుంది. "ఏం ప్రాబ్లం లేదు సార్" అని విజిటింగ్ ఛార్జీ తీసుకుని వెళ్తాడు.

దీన్ని పగలే పట్టుకోవచ్చు. కెమెరా సెట్టింగుల్లో డే, నైట్ మోడ్‌ను ఆటో నుంచి తీసి బలవంతంగా నైట్‌లో పెట్టండి. దీపాలు వెలిగిన సెకన్లలో కెమెరా పడిపోతే వైరు దొరికినట్టే.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకో అదనపు భారం. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. డాబా మీద ఎండకు పడి ఉన్న కేబుల్ 60 డిగ్రీలకు చేరితే, 20 డిగ్రీల దగ్గరున్నప్పటితో పోలిస్తే దాదాపు 16 శాతం ఎక్కువ. మంచి వైరుకు ఇది లెక్కలోది కాదు. అంచు మీదున్న వైరును తోసేయడానికి చాలు.

ఎనిమిది లైట్లు వరసగా వెలిగే చవక కేబుల్ టెస్టరు వీటిలో దేన్నీ చెప్పదు. అది పంపే కరెంటు ఎంత తక్కువంటే సీసీఏ అయినా, తుప్పు పట్టిన జాయింటు అయినా ఎనిమిది లైట్లూ పచ్చగానే వెలుగుతాయి. తీగల వరస తప్పలేదని మాత్రమే దాని సాక్ష్యం. దానికంటే మల్టీమీటరు నయం: కేబుల్‌ను రెండువైపులా విడదీసి, ఒక చివర ఒక జతలోని రెండు తీగలనూ కలిపి, ఇటు చివర ఓమ్‌లు కొలవండి. అసలైన క్యాట్ 5ఈ రాగి అయితే వంద మీటర్లకు పంతొమ్మిది ఓమ్‌ల లోపే రావాలి. ముప్పై చూపిస్తే ఇక చర్చ అనవసరం. (ఇది ఒక్క జత కొలత; పీఓఈ కరెంటు రెండు జతల మీద పారుతుంది కాబట్టి పై లెక్కల్లోని దారి ఓమ్‌లు ఇందులో సగమే.) నాలుగు జతలూ కొలిస్తే ఇంకా మంచిది, ఒకే జత మిగతావాటి కంటే బాగా ఎక్కువ చూపిస్తే జాక్‌లోనో జాయింటులోనో తీగ సరిగా పట్టలేదు.

కొనేటప్పుడే తెలుసుకోవాలంటే తీగను బ్లేడుతో గీకితే చాలు, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. తూకం వేస్తే ఇంకా తేలిక: అర మిల్లీమీటరు మందం రాగి తీగలు ఎనిమిది, 305 మీటర్లంటే రాగి ఒక్కటే నాలుగు కిలోల చిల్లర. బాక్సు మొత్తమే అంత తూగకపోతే అందులో ఏముందో దుకాణదారుణ్ని అడగక్కర్లేదు.

కరెంటు సరిగ్గానే వస్తూ వీడియో మాత్రం ముక్కలయ్యే సందర్భం కూడా ఈ కుటుంబానిదే. ఒక జతలోని రెండు తీగల రెసిస్టెన్స్‌లో తేడా మూడు శాతం మించకూడదు. మించితే ఒక తీగలో కరెంటు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ పారి, పోర్టులోని చిన్న ట్రాన్స్‌ఫార్మరు సాచురేట్ అయి (దాని అయస్కాంత సామర్థ్యం నిండిపోయి) డేటా పాడవుతుంది. పీఓఈ ఆపి, కెమెరాకు విడిగా అడాప్టరు పెట్టగానే వీడియో చక్కబడితే ఇదే అనుమానించాలి. అడాప్టరు పెట్టి ఊరుకోవడం మన దగ్గర మామూలైన 'పరిష్కారం'. కానీ అప్పుడు ఆ స్తంభం మీద వాన తగిలే చోట 230 వోల్టుల ప్లగ్గు వేలాడుతుంటుంది. నా మటుకు నేను దాన్ని పరిష్కారమనను.

ఎక్కడినుంచి మొదలెట్టాలి

వెళ్లగానే దేన్నీ పీకకండి. ముందు ఎన్ని పోయాయి, ఎప్పుడు పోయాయి అని అడగండి. అన్నీ ఒకేసారి రీస్టార్ట్ అవుతుంటే స్విచ్ సప్లై వైపు చూడాలి, ముఖ్యంగా చిన్న స్విచ్‌ల బయటి అడాప్టరు. అది పాతబడితే లోడు పడ్డప్పుడు వోల్టేజీ నిలబెట్టలేదు. ఒక్కటే పోతుంటే ఆ లైను. ఒకేసారి కొత్తగా నాలుగు పోర్టులు వరసగా పోతే, 1 నుంచి 4, లేదా 5 నుంచి 8, అది వేరే కథ, దానికి వస్తాను.

తర్వాత ర్యాక్ దగ్గరే, నడుస్తున్న ఇంకో కెమెరానో ఫోనునో తెచ్చి, మీటరు పొడవున్న మంచి ప్యాచ్ కార్డుతో అనుమానమున్న పోర్టులో గుచ్చండి. వెలిగితే పోర్టు నిర్దోషి, స్విచ్ మార్చే మాట ఇక ఎత్తక్కర్లేదు. ఇప్పుడు అదే పరికరాన్ని నిచ్చెనెక్కి అవతలి చివర పెట్టండి. అక్కడ వెలగకపోతే వైరు, వెలిగితే పాత కెమెరా. ఈ రెండు పరీక్షలతో చాలామటుకు తేలిపోతుంది. నిచ్చెనెక్కడానికి బద్ధకించి ముందు స్విచ్ మార్చేవాళ్ల వల్లే ఈ వ్యాసం ఇంత పెరిగింది.

పరీక్షకు తెచ్చిన పరికరం తక్కువ వాట్లది కాకూడదు. ఐపీ ఫోను వెలిగిందని పీటీజెడ్ కెమెరా వైరుకు మంచి మార్కులు వేయకూడదు.

మేనేజ్డ్ స్విచ్ ఉంటే లాగ్ చదవండి. గుర్తింపు జరిగిందా, బడ్జెట్ నిరాకరించిందా, ఓవర్ కరెంట్ ట్రిప్ అయిందా, పరికరం తనంతట తెగిపోయిందా అన్నది టైముతో సహా అందులో ఉంటుంది. రాత్రి ఏడింటికి మొదలై ప్రతి నిమిషానికీ తెగుతూ కలుస్తూ ఉంటే ఇన్‌ఫ్రారెడ్ దీపాల లెక్క గుర్తు తెచ్చుకోండి. పోర్టును ఆపి మళ్లీ వేసేటప్పుడు కూడా ఒకటి గమనించాలి: చాలా స్విచ్‌లలో డేటా పోర్టును ఆపడం వేరు, ఆ పోర్టు పీఓఈని ఆపడం వేరు. మొదటిది చేసి కెమెరా రీస్టార్ట్ అయిందనుకుంటే పొరపాటే.

ఇక స్విచ్ నిజంగానే పోయే సందర్భం. పీఓఈని నడిపే చిప్పు ఒక్కోటి సాధారణంగా నాలుగేసి, ఎనిమిదేసి పోర్టులను చూసుకుంటుంది. అందుకే చిప్పు కాలితే పోర్టులు గుంపుగా పోతాయి. ఆ పోర్టుల్లో డేటా మాత్రం చాలాసార్లు పనిచేస్తూనే ఉంటుంది. పొట్టి ప్యాచ్ కార్డుతో మంచి పరికరం పెట్టినా ఆ గుంపులో ఎక్కడా వెలగక, పక్క గుంపులో వెలిగితే వారంటీకి పంపడానికి అదే సాక్ష్యం. లాగ్‌తో పాటు ఈ ముక్క రాసి పంపితే సర్వీసు సెంటర్‌లో వాదన తగ్గుతుంది.

ఇలా గుంపుగా పోవడానికి మన ఊళ్లో పెద్ద కారణం వేసవి చివర్లో వచ్చే ఉరుముల వానలు. పిడుగు నేరుగా పడక్కర్లేదు. దగ్గర్లో పడితే చాలు, స్తంభం దగ్గరి నేలకూ ర్యాకు దగ్గరి నేలకూ మధ్య ఏర్పడే వోల్టేజీ తేడా రాగి వైరు వెంట స్విచ్‌లోకి వచ్చేస్తుంది. సర్జ్ ప్రొటెక్టరు పెట్టినా దానికి సరైన ఎర్తింగు లేకపోతే అలంకారమే. డాబాకో దూరపు గేటుకో వెళ్లే లైన్లకు నా సలహా, రాగిని అంత దూరం లాగకుండా మధ్యలో లోహపు తీగలేవీ లేని ఫైబరు వేసి, అవతలి చివర గాలాడే పెట్టెలో, వేడికి తట్టుకునే చిన్న పీఓఈ స్విచ్ పెట్టుకోవడం. గాజు పోగు వెంట ఆ వోల్టేజీ ఇవతలికి రాదు. 250 మీటర్ల ఓమ్‌ల లెక్క కూడా దాంతోనే తీరిపోతుంది. ఖర్చు ఎక్కువవుతుందని అసోసియేషన్ మీటింగులో ఎవరైనా అంటే, మార్చిన స్విచ్‌ల బిల్లులు ఫైల్లోంచి తీసి ముందు పెట్టండి.